కాగితం తెల్లగానే ఉండాలి: గీసి చూపే పాఠాల వీడియోలకు లైటు, ఎక్స్‌పోజర్ పెట్టుకునే పద్ధతి

గుండె నిలువుకోత బొమ్మ ఎలా గీయాలో పదో తరగతి పిల్లలకు చూపిస్తూ వీడియో తీశారనుకోండి. గీత చక్కగా వచ్చింది, మాట స్పష్టంగా ఉంది. తీరా ఫోన్‌లో చూసుకుంటే కాగితం బూడిదరంగులో ఉంది. చేయి ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా పేజీ వెలిగిపోతోంది, చేయి తీయగానే మళ్లీ మసకబారుతోంది. ఎర్రగా వేసిన ధమని ఇటుక రంగులో, నీలంగా వేసిన సిర దాదాపు నల్లగా కనిపిస్తున్నాయి. చేతి నీడ సరిగ్గా పెన్సిల్ మొన మీదే పడింది.

ఈ వీడియోను చూసేవాళ్లలో చాలామంది చిన్న తెర మీద, డేటా మిగుల్చుకోవడానికి క్వాలిటీ తగ్గించుకుని చూస్తారు. లైటు చాలని వీడియోలో గరుకు (చుక్కచుక్కలుగా కదిలే మచ్చలు) పెరుగుతుంది. యూట్యూబ్, వాట్సాప్ లాంటివి వీడియోను కుదించేటప్పుడు ఆ గరుకును కూడా బొమ్మే అనుకుని దాని మీద డేటా ఖర్చు పెడతాయి. దాంతో అసలు గీతలు గడులు గడులుగా చెదిరిపోతాయి. కర్ణిక ఎక్కడ ఆగి జఠరిక ఎక్కడ మొదలైందో పిల్లలు గుర్తుపట్టలేరు. అంతసేపు కష్టపడి గీసింది అలా పోకూడదు.

వీటిలో ఏదీ ఖరీదైన కెమెరా కొంటే పోయేది కాదు. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. నేను చెప్పేదల్లా ఒకటే: వీడియో మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా కాగితం తెల్లగా ఉండాలి, ఒకే తెలుపులో ఉండాలి. మిగతావన్నీ దాని కోసమే. అందుకే ముందు లైటు సరిచేయండి, ఆ తర్వాతే కెమెరా ముట్టుకోండి.

చోటు, కిటికీ, ఫ్యాను

బల్ల మీద కాగితం, దానికి సరిగ్గా పైన స్టాండుకు బిగించిన ఫోన్. మామూలు అమరిక ఇదే. ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉందో లేదో తెరమీద గ్రిడ్ గీతలు పెట్టుకుని చూసుకోండి. అల్ట్రా వైడ్ లెన్స్ వాడకండి. అది అంచుల్ని వంచుతుంది, వెలుతురు తక్కువున్నప్పుడు దాని పనితనం మరీ తగ్గిపోతుంది. మెయిన్ కెమెరా పెట్టి, ఫోన్‌ను కాస్త ఎత్తులో ఉంచండి. ఎత్తు పెరిగితే దీపాలు పెట్టుకోవడానికి చోటు కూడా దొరుకుతుంది.

ఇప్పుడు తల పైకెత్తి చూడండి. సీలింగ్ లైటు సరిగ్గా ఫోన్ వెనకాల ఉంటే ఫోన్ నీడ కాగితం మధ్యలో పడుతుంది. దాన్ని ఆపేయండి. ఇక ఫ్యాను. లైటుకూ కాగితానికీ మధ్య ఫ్యాను రెక్కలు అడ్డొస్తుంటే పేజీ మీద వాటి నీడ తిరుగుతుంది. వేగంగా తిరిగేటప్పుడు మన కంటికి అది పట్టదు గానీ వీడియోలో కాగితం వణికినట్టు కనిపిస్తుంది. చాలామంది దీన్ని బల్బు లోపం అనుకుని బల్బులు మారుస్తుంటారు. అనుమానం ఉంటే ఫ్యాను ఆపి, ఒక రెక్కను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. కాగితం మీద నీడ కదిలితే లైటునైనా మార్చాలి, బల్లనైనా జరపాలి. ఎండాకాలంలో ఫ్యాను లేకుండా పాఠం చెప్పమనడం అన్యాయం కాబట్టి, సీలింగ్ లైటు ఆపేసి బల్ల ఎత్తులో ఉండే దీపాలతోనే పని నడిపించడం మేలు. అప్పుడు ఫ్యాను తిరిగినా ఇబ్బంది లేదు. కాగితం ఎగరకుండా క్లిప్పులు పెట్టుకోండి, స్టాండు ఊగకుండా దాని కాలికి ఏదైనా బరువు తగిలించండి.

కిటికీ వెలుతురు బాగుంటుంది, ఖర్చు లేనిది. కానీ నిలకడ తక్కువ. మబ్బు పట్టిందంటే పాఠం మధ్యలో పేజీ రంగే మారిపోతుంది. ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చోండి, అక్కడ ఎండ పడదు అని యూరప్, అమెరికా వాళ్ల వీడియోల్లో తరచూ చెబుతారు. వాళ్ల ఊళ్లకు అది నిజం. మనం కర్కటరేఖకు దిగువన ఉన్నాం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. మధ్యాహ్నం ఎండను సజ్జ ఆపుతుంది గానీ, ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోంచి కూడా లోపలికి వస్తుంది. శీతకాలంలో మాత్రం ఆ కిటికీ నిజంగానే బంగారం. పది నిమిషాలు దాటే పాఠమైతే ఏ కాలంలోనైనా కర్టెన్ వేసేసి దీపాలతోనే తీయండి. కిటికీ వెలుతురు, బల్బు వెలుతురు కలిపితే పేజీ ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా పడుతుంది. దాన్ని ఏ యాప్‌తోనూ పూర్తిగా సరిచేయలేం.

బడిగదుల గోడలకు చిలకపచ్చ, గులాబీ లాంటి రంగులు వేస్తారు. బల్ల గోడను ఆనుకుని ఉంటే ఆ రంగు కాగితం మీదికి వస్తుంది. మీ బట్టలూ అంతే. ఎర్ర చీర కట్టుకుని కాగితం మీదికి వంగితే పేజీ కింది సగం గులాబీ రంగు తిరుగుతుంది. లేతరంగు బట్టలు వేసుకోండి. గాజు గాజులు, మెరిసే వాచీ, రాళ్ల ఉంగరం ఉంటే ఆ కాసేపు తీసి పక్కన పెట్టండి. పిల్లల చూపు గీత మీద నుంచి ఆ తళుకు మీదికి పోతుంది.

రెండు దీపాలు, ఒక థర్మోకోల్ షీటు

మెడ వంగే టేబుల్ ల్యాంపులు రెండు తీసుకోండి. వాటిలో 9 లేదా 12 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి అయి ఉండాలి. అట్టపెట్టె మీద వెలుతురు రంగు చెప్పే కెల్విన్ అంకె ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా అమ్మే తెల్ల బల్బులు 6500, పసుపు వెలుతురువి 2700 లేదా 3000. నాకు 4000 నచ్చుతుంది, ఆ వెలుతురులో చేతి రంగు సహజంగా ఉంటుంది. దొరక్కపోతే 6500 తీసుకోండి, తప్పేం లేదు. ఒకటి అదీ ఒకటి ఇదీ మాత్రం పెట్టకండి.

పెట్టె మీద సీఆర్ఐ అనే మరో అంకె కూడా చూడండి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది. మామూలు బల్బులకు 80 దాకా ఉంటుంది. 90 దాటినవి కాస్త ధర ఎక్కువ. నల్ల పెన్నుతో లెక్కలు చేసే మాస్టారికి 80 చాలు. గుండె, మెదడు, పువ్వు భాగాలు రంగుల్లో గీసేవాళ్లు మాత్రం 90 దాటినది కొనుక్కోండి. తక్కువరకం ఎల్‌ఈడీలో మొదట దెబ్బతినేది ఎరుపే. మీరు పేజీ మీద వేసిన ఎర్ర ధమని వీడియోలో ఇటుక రంగుకు దిగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీపం కాగితానికి మరీ దగ్గరగా పెట్టడం అందరూ చేసే పని. దగ్గరైతే వెలుతురు ఎక్కువ వస్తుంది కదా అనిపిస్తుంది. వస్తుంది, కానీ ఒక పక్కకే. ఏ4 కాగితం అడ్డంగా పెడితే పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు. దీపం ఎడమ అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కుడి అంచుకు 60 అవుతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే ఎడమ పక్క వెలిగిపోతుంటే కుడి పక్క చీకటి. అదే దీపాన్ని 90 సెంటీమీటర్ల దూరానికి జరిపితే రెండు అంచుల మధ్య తేడా రెండింతలకన్నా తక్కువే. కుడివైపు కూడా అంతే దూరంలో రెండో దీపం పెట్టారంటే మిగిలిన తేడా కంటికి కనిపించదు. వెలుతురు చాలదనిపిస్తే బల్బు వాట్లు పెంచండి. దీపాన్ని దగ్గరికి లాగకండి.

బల్బు ముందు బటర్ పేపర్ గానీ పల్చని తెల్లగుడ్డ గానీ కట్టండి, బల్బుకు తగలకుండా జానెడు దూరంలో. నీడల అంచులు మెత్తబడతాయి. ఎల్‌ఈడీతోనే ఇలా చేయండి. పాత ఫిలమెంటు బల్బు, హాలోజన్ వేడికి కాగితం అంటుకుంటుంది.

దీపం ఒకటే ఉంటే రెండోవైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. సినిమా షూటింగులు చూసినవాళ్లకు ఇది తెలుసు, మన సెట్లలో థర్మోకోల్ లేని రోజుండదు. 1950ల్లో సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ సినిమా కోసం కెమెరామన్ సుబ్రత మిత్ర బెనారస్ ఇంటి సెట్‌కు పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లను దాని మీదికి కొట్టించి, ముంగిట్లోకి దిగే పగటి వెలుతురును స్టూడియోలోనే తెప్పించారు. స్టేషనరీ షాపులో దొరికే షీటు ముక్క మీ బల్ల మీద చేసే పని కూడా అదే.

చేతి నీడ ఎటు పోవాలి

కుడిచేత్తో గీసేవాళ్లకు ముఖ్యమైన వెలుతురు ఎడమ నుంచి, కాస్త ముందువైపు నుంచి రావాలి. అప్పుడు చేతి నీడ చేతి కిందికే, కుడివైపుకు పోతుంది. పెన్సిల్ మొన, ఇప్పుడే గీసిన గీత వెలుతురులో ఉంటాయి. వెలుతురు కుడి నుంచి వస్తే నీడ సరిగ్గా మొన మీద పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇదంతా తిరగేసి పెట్టుకోవాలి. తరగతి గదుల్లో పిల్లలకు ఎడమవైపు కిటికీలు పెట్టే పాత అలవాటు వెనక ఉన్నదీ ఇదే లెక్క.

రెండు దీపాలూ సమానంగా ఉంటే చేతికి రెండు పలచని నీడలు పడతాయి. అవి చికాకుగా అనిపిస్తే కుడి దీపాన్ని కాగితం మీద నుంచి తిప్పేసి, థర్మోకోల్ మీదికి కొట్టండి. ఎడమ నుంచి వచ్చేది అసలు వెలుతురు, కుడి నుంచి వచ్చేది మెత్తటి సాయం. చిత్రలేఖనం నేర్పేవాళ్లకు ఈ అమరికే మంచిది. పేజీ ఎడమ, కుడి మధ్య కొంచెం తేడా ఉన్నా ఫర్వాలేదు గానీ గీసే మొన స్పష్టంగా ఉండాలి.

ఫోన్ ఎదురువైపు నుంచి తల్లకిందులుగా పెట్టేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎడమ, కుడి అన్నవి మీ చేతి లెక్కన చూడాలి, తెర మీద కనిపించేదాని లెక్కన కాదు.

మెరుపు పట్టుకునే అద్దం

పెన్సిల్‌తో ముదురుగా షేడింగ్ చేసిన చోట గ్రాఫైటు మెరుస్తుంది. స్కెచ్ పెన్ను తడి ఆరేదాకా మెరుస్తుంది. లామినేషన్ చేసిన చార్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు నల్లగా నింపిన చోటే వీడియోలో తెల్లటి మచ్చ కనిపిస్తే అది ఈ మెరుపే. ఎక్స్‌పోజర్ (వీడియో ఎంత వెలుగ్గా పడాలో చెప్పే సర్దుబాటు) తగ్గిస్తే అది పోదు, పేజీ మొత్తం చీకటవుతుంది, అంతే. దీపం కోణం మార్చాలి.

ఎటు మార్చాలో ఊహించనక్కర్లేదు. బొట్టు పెట్టుకునే చిన్న అద్దం ఒకటి తెచ్చి కాగితం మీద పడుకోబెట్టండి. ఫోన్ తెరలో ఆ అద్దాన్ని చూడండి. మధ్యలో, నాలుగు మూలల్లో జరుపుతూ చూడండి. అద్దంలో ఎక్కడైనా దీపం కనిపించిందా, ఆ చోట మెరుపు వస్తుంది. కనిపించనంత వరకు దీపాన్ని పక్కకు, కిందికి దించండి. మామూలుగా బల్లకు 45 డిగ్రీల వాలులో ఉంటే సరిపోతుంది. నిగనిగలాడే చార్టుకు 30 దాకా దించాల్సి రావచ్చు. ఇంకా దించితే కాగితం మీది చిన్న చిన్న ముడతలన్నీ నీడలు వేసుకుని పైకి తేలతాయి, అందుకని అక్కడితో ఆగండి.

రింగ్ లైటు గురించి చాలామంది అడుగుతారు. ముఖం చూపే వీడియోకు అది సరే. పైనుంచి కాగితాన్ని తీసేటప్పుడు మాత్రం లెన్స్ చుట్టూ వెలిగే దీపం అద్దంలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. స్కెచ్ పెన్ను మీద, చార్టు మీద గుండ్రటి మెరుపు తప్పదు. కొనేసి ఉంటే దాన్ని ఫోన్ నుంచి విడదీసి పక్కన దీపంలా పెట్టుకోండి.

చారలు, మినుకు

ఇక కెమెరా దగ్గరికి వద్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్. దీంతో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు పట్టుకునే సమయం, దానికి పొసగకపోతే పేజీ మీద నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతాయి. ప్రో వీడియో మోడ్‌లో షట్టర్ స్పీడు 1/50 పెట్టండి. వెలుతురు మరీ ఎక్కువైతే 1/100. ఈ రెండూ కాక వేరే అంకె వద్దు. సెకనుకు ఫ్రేములు 25 అయితే మన కరెంటుకు అన్నివిధాలా కుదురుతుంది, 30 అయినా షట్టర్ 1/50లో ఉన్నంతవరకు నడుస్తుంది. ఐఫోన్‌లో 25 కనిపించకపోతే సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి పాల్ ఫార్మాట్లు చూపించు అనేదాన్ని ఆన్ చేయండి. అక్కడే ఆటో ఎఫ్‌పీఎస్ ఆపేయండి. లేకపోతే వెలుతురు తగ్గినప్పుడు ఫోన్ దానంతటదే ఫ్రేములు తగ్గించేస్తుంది.

అమెరికాలో ఉండి పిల్లలకు అక్షరాలు దిద్దించే వీడియోలు చేసేవాళ్లకు ఈ అంకెలు పనికిరావు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 1/60 లేదా 1/120, ఫ్రేములు 30. సౌదీలో కూడా 60. దుబాయ్, కువైట్, ఖతార్, బ్రిటన్, ఆస్ట్రేలియాలో మనలాగే 50.

బల్బు మంచిదో కాదో షాపులోనే తెలుసుకోవచ్చు. వెలిగించమని చెప్పి, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి బల్బు వెనకాల గోడను తీయండి. గోడ టపటపా కొట్టుకుంటే ఆ బల్బు వద్దు. డిమ్మర్ ఉన్న దీపాలు సగం వెలుతురులో ఎక్కువ మినుకుతాయి, నిండుగా వెలిగించి దూరం జరపడమే మంచిది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే అంతకుముందు బాగున్న దీపమే చారలు వేయవచ్చు. రికార్డింగ్ ఆపి, ఒకసారి చూసుకుని, తర్వాత కొనసాగించండి.

తెల్ల కాగితం బూడిదరంగు ఎందుకవుతుంది

కెమెరాకు తను చూస్తున్నది కాగితమని తెలియదు. ఎదురుగా ఏమున్నా, మొత్తం మీద అది నడిమి బూడిదరంగులో ఉండాలని లెక్కేసుకుంటుంది. ఫొటోగ్రఫీలో 18 శాతం గ్రే అనేది ఆ నడిమి రంగే. వీధి, మనిషి, చెట్టు తీసేటప్పుడు ఈ లెక్క సరిపోతుంది. ఫ్రేమంతా తెల్ల కాగితమే ఉంటే, అమ్మో ఇంత వెలుతురా అని తగ్గించేసి దాన్ని బూడిదగా మారుస్తుంది. అందుకే తెల్ల కాగితానికి మనం ఎక్స్‌పోజర్ పెంచాలి. నల్లబోర్డుకు తగ్గించాలి. వినడానికి తిరకాసుగా ఉన్నా పద్ధతి ఇదే.

ఎంత పెంచాలి? కెమెరాలో ఈవీ అనే కొలత మీద మామూలుగా ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1.3 మధ్య. కచ్చితంగా తేల్చడానికి ఒక పరీక్ష కాగితం తయారు చేసుకోండి. మీరు పాఠంలో వాడే కాగితమే తీసుకుని దాని మీద హెచ్‌బీ పెన్సిల్‌తో సన్నటి గీత ఒకటి, 2బీతో ఒకటి, నల్ల పెన్ను గీత, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు స్కెచ్ గీతలు ఒక్కొక్కటి గీయండి. దీన్ని కెమెరా కింద పెట్టి, తెర మీద కాగితాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును నెమ్మదిగా పైకి జరపండి. కాగితం బూడిద నుంచి తెలుపుకు వస్తుంది. ఇంకా జరిపితే ముందు పసుపు గీత పలచబడుతుంది, తర్వాత హెచ్‌బీ గీత మాయమవుతుంది. హెచ్‌బీ గీత మాయం కాకముందు, పసుపు పసుపుగా ఉన్నప్పుడే ఆగండి. కాగితం మరీ పాలతెలుపులో ఉండాలని పట్టుబట్టకండి. కాగితం గరుకు కొద్దిగా కనిపిస్తూ ఉంటే మీరు సరైన చోట ఉన్నట్టు.

కెమెరా యాప్‌లో జీబ్రా చారలు (మరీ వెలిగిపోయిన చోట తెర మీద వచ్చే హెచ్చరిక గీతలు) చూపించే సౌకర్యం ఉంటే పని ఇంకా తేలిక. జీబ్రాను 100 దగ్గర పెట్టి, కాగితం మీద చారలు కనిపించేదాకా ఎక్స్‌పోజర్ పెంచండి. తర్వాత చారలన్నీ పోయేదాకా తగ్గించండి. అంతే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే యాప్ ఉచితం. 2023లో ఐఫోన్‌కు, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. జీబ్రా, షట్టర్, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసేది) అన్నీ అందులో చేతికి దొరుకుతాయి.

చాలా ఫోన్లలో లెన్స్ రంధ్రం మారదు. షట్టర్ 1/50 దగ్గర కట్టేశాం. కాబట్టి ఎక్స్‌పోజర్ మార్చడానికి మిగిలింది ఐఎస్ఓ ఒక్కటే. పైన చెప్పిన రెండు దీపాలతో అది 100, 400 మధ్య ఉంటే నిశ్చింత. 800 దాటమని ఫోన్ అడుగుతోందంటే లైటు చాలడం లేదని అర్థం. ఐఎస్ఓ పెంచితే గరుకు వస్తుంది, పెద్ద బల్బు వేస్తే రాదు.

తెల్ల కాగితం పక్కన మీ చేయి కాస్త ముదురుగా పడుతుంది. పడనివ్వండి. చేయి వెలుగుగా కనిపించాలని ఎక్స్‌పోజర్ పెంచితే గీతలు కాలిపోతాయి. ఇక్కడ కథానాయకుడు గీతే.

తాళం వేయండి

ఎక్స్‌పోజర్ కుదిరింది కదా అని రికార్డింగ్ నొక్కేయకండి. ఆటోలో వదిలేస్తే మీ చేయి ఫ్రేములోకి రాగానే, చీకటి పెరిగిందనుకుని కెమెరా మొత్తం పేజీని వెలిగిస్తుంది. చేయి తీస్తే తగ్గిస్తుంది. గుండె బొమ్మ గీయడం ముగిసేలోపు ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కే ఉండదు. చూసే పిల్లల కళ్లు అలసిపోతాయి.

ఐఫోన్‌లో కాగితం మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఏఈ/ఏఎఫ్ లాక్ అని పసుపురంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ అక్కడే ఆగిపోతాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నొక్కిపట్టుకుంటే తాళం గుర్తు వస్తుంది. రాకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ పెట్టుకోండి, అందులో ఎక్స్‌పోజర్ లాక్ బటన్ ఉంటుంది. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ, షట్టర్ అంకెలు చేత్తో పెట్టారంటే వేరే తాళం అక్కర్లేదు, ఫోకస్ మాత్రం మాన్యువల్‌కు మార్చండి.

వైట్ బ్యాలెన్స్‌ను చాలామంది మర్చిపోతారు. అది ఆటోలో ఉంటే, ఎర్ర స్కెచ్‌తో పెద్ద భాగం నింపగానే కెమెరా కంగారుపడి పేజీకి నీలం కలుపుతుంది. మీ బల్బు అట్ట మీద 4000 అని ఉంటే కెమెరాలో 4000 దగ్గర మొదలుపెట్టి, కాగితం పసుపూ నీలమూ కాకుండా తెల్లగా కనిపించేదాకా అటూ ఇటూ జరిపి అక్కడ వదిలేయండి. హెచ్‌డీఆర్ వీడియో ఆపేయండి. దాన్ని ఎడిట్ చేసి వేరే ఫోన్‌లో చూసినప్పుడు తెలుపు ఒక్కోచోట ఒక్కోలా తేలుతుంది. బ్యూటీ, నైట్ మోడ్‌లాంటివి ఉంటే అవీ వద్దు.

తాళం వేశాక ఒక నిమిషం తీసి చూసుకోండి. ఖాళీ కాగితం, చేయి లోపలికి, చేయి బయటికి, ఎర్రరంగు నింపడం, పెద్ద గీత, చిన్న అక్షరాలు. ఆ నిమిషంలో కాగితం ఒక్కసారి కూడా రంగు మారకపోతే పాఠం మొదలుపెట్టొచ్చు.

నల్లబోర్డు అయితే

ఇక్కడ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. తగ్గించకపోతే బోర్డు బూడిదగా తేలి, సుద్దగీత చుట్టూ వెలుగు పరుచుకుని అక్షరాలు లావెక్కుతాయి. అంతకన్నా ముఖ్యం, బోర్డును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వడం. డస్టర్‌తో తుడిస్తే సుద్దపొడి పలచని పొరలా మిగిలిపోతుంది. ఎంత మంచి లైటు వేసినా ఆ పొరే వెలిగి నలుపును చంపేస్తుంది. మాస్టారు కూడా ఫ్రేములో ఉంటే, బోర్డు కోసం తగ్గించిన ఎక్స్‌పోజర్‌లో ముఖం చీకటి పడుతుంది. బోర్డు మీదికి రాకుండా ముఖానికే తగిలేలా పక్కనుంచి ఒక చిన్న దీపం పెట్టండి. తెల్లచొక్కా వేసుకున్న మాస్టారు నల్లబోర్డు ముందు నిలబడితే చొక్కా కాలిపోతుంది. లేత నీలం, బూడిద, గోధుమ రంగులు సుఖం.

తెల్లబోర్డు ఇంతకన్నా మొండిది. అది అచ్చం అద్దమే, ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు, కిటికీ అన్నీ అందులో కనిపిస్తాయి. ఎదురుగోడ లైటు ఆపేయండి, కిటికీ మూయండి, దీపాలను బోర్డుకు రెండు పక్కల నుంచి వాలుగా వేయండి. కెమెరాను సరిగ్గా మధ్యలో కాక కాస్త పక్కకు జరిపినా చాలా మెరుపు పోతుంది. ఎక్స్‌పోజర్ మాత్రం కాగితానికిలాగే పెంచాలి. పసుపు, లేత ఆకుపచ్చ, నారింజ మార్కర్లు వాడకండి, వెనకబెంచీకే కనిపించనివి ఫోన్ తెరలో ఎలా కనిపిస్తాయి?

రేపు మళ్లీ తీయాలంటే

ఒకే పాఠం రెండు మూడు రోజులు తీస్తే ప్రతి రోజూ తెలుపు వేరుగా వస్తుంది. పరీక్ష కాగితం వెనకాలే రాసి పెట్టుకోండి: షట్టర్, ఐఎస్ఓ, కెల్విన్, ఫోన్ ఎత్తు, దీపాల దూరం. ల్యాంపు అడుగు ఎక్కడుందో బల్ల మీద రంగు టేపు అంటించండి. అదే రకం కాగితం ఒక కట్ట కొని దాచండి. ఒక కట్టకూ మరో కట్టకూ తెలుపులో తేడా ఉంటుంది, ఎడిటింగులో రెండు ముక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రతి రికార్డింగ్ మొదట్లో పరీక్ష కాగితాన్ని కాసేపు కెమెరా కింద ఉంచి తర్వాత తీసేయండి. ఎడిట్ చేసేటప్పుడు రెండు రోజుల తెలుపును కలపడానికి ఆ కొద్ది సెకన్లే ఆధారం.

అప్‌లోడ్ చేసేముందు వీడియోను ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లోకి పంపి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, వాకిట్లోకి తీసుకెళ్లి చూడండి. భాగాల పేర్లు చదవగలుగుతున్నారా, ఎరుపు నీలం వేరువేరుగా తెలుస్తున్నాయా చూసుకోండి. తెలియకపోతే లావు మొన పెన్నుతో ఆ బొమ్మ ఇంకోసారి తీయండి.